సీఎస్ఆర్ డబ్బు టోర్నమెంటుకి కాదు, కోచ్ జీతానికి, రాత్రి కాపలాకి అడగండి

ఊరి పిల్లల వాలీబాల్‌కి, ఒడ్డుకొచ్చే తాబేళ్ల రక్షణకి పక్కనున్న కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు తమ లాభంలో కొంత సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) కింద డబ్బిస్తుందా, ఎలా అడగాలి అని అడిగారు. ఇస్తుంది. మాదీ శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరే, మా సంఘం లెక్కలు కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను కాబట్టి మాకు ఏది పనిచేసిందో చెప్తాను.

ముందు చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలి. ఏయే పనులో ఏడో షెడ్యూల్లో ఉంది. గ్రామీణ క్రీడల శిక్షణ అందులో ఉంది, జంతువుల రక్షణా ఉంది. సంక్రాంతి టోర్నమెంటుకి బ్యానర్ కట్టించుకుని ఇచ్చే డబ్బు మాత్రం ప్రచారం కిందికి పోతుంది, సీఎస్ఆర్ లెక్కలోకి రాదు.

అందుకే మేం కప్పులు, జెర్సీలు అడగలేదు. ఏడాది పొడవునా కోచ్‌కి నెల జీతం, బంతులు, నెట్, జిల్లా పోటీలకి బస్సు చార్జీలు, సాయంత్రం పిల్లలకి పాలు, గుడ్లు, అంతా ఒక్క పేజీలో రాసిచ్చాం. ప్లాంటు అధికారి మొదట అడిగింది ఆడపిల్లలు ఎంతమంది వస్తున్నారని. హాజరు పుస్తకం ముందు పెట్టాం. మాకు అది పనికొచ్చినంతగా ఏ ఫొటో పనికిరాలేదు.

తాబేళ్ల విషయం ఇంతకంటే కష్టం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గుంతలో వంద పైచిలుకు ఉంటాయి. కుక్కలు, నక్కలు తవ్వేలోపు రాత్రంతా ఒడ్డు వెంట నడిచి ఆ గుడ్లు తీసి హేచరీలో, అంటే కంచె కట్టిన ఇసుక స్థలంలో, పూడ్చి, నెలన్నర పైన కాపలా కాయాలి. ఫొటోకి బాగుండేది మాత్రం తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే ఆ ఒక్క పొద్దే. ఒక కంపెనీ వాళ్లు ఆ రోజుకి టెంటు, టోపీలు, టిఫిన్లు అన్నీ ఇస్తామన్నారు కానీ రాత్రిళ్లు నడిచేవాళ్ల కూలి మాట ఎత్తలేదు, నాకు చాలా బాధేసింది. ఆ నడిచేవాళ్లు మా మత్స్యకార కుటుంబాల వాళ్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చివరి గుంతల్లో పిల్లలు బయటికొచ్చేదీ ఆ రోజుల్లోనే, అప్పుడు ఇళ్లలో డబ్బుండదు. గుజరాత్‌లో వేల్ షార్క్‌ల కోసం టాటా కెమికల్స్ సాయంతో 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీశాఖ మొదలుపెట్టిన పని చూడండి, వలలో చిక్కిన ఆ పెద్ద చేపని వదిలెయ్యడానికి వల కోసిన మత్స్యకారుడికి అక్కడ పరిహారం ఇచ్చారు. అలా వందల షార్క్‌లు తిరిగి సముద్రంలోకి వెళ్లాయి. సంరక్షణ పేరుతో వచ్చే డబ్బు ముందు ఆ చేతులకే చేరాలని నేను గట్టిగా నమ్ముతాను, మీ బడ్జెట్‌లో కూడా కూలినే మొదటి వరసలో రాయండి.

ఇక కాగితాలు. ఈ తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్డు కూడా ముట్టుకోవద్దు. ఆ అనుమతి లేఖ జతచేస్తే కంపెనీకీ ధైర్యం. సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థలకి కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కావాలి. మీ సంఘం కొత్తదైతే ఇవన్నీ ఉన్న పాత సంస్థతో కలిసి వెళ్లండి.

హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టి ఎదురుచూడొద్దు. చుట్టుపక్కల ఊళ్లకే ప్రాధాన్యం ఇమ్మని చట్టం కూడా చెబుతుంది కాబట్టి ప్లాంటులో సీఎస్ఆర్ చూసేవాళ్లని సాయంత్రం ప్రాక్టీసు టైముకి గ్రౌండ్‌కి పిలవండి. జనవరికి డబ్బు చేతికి రావాలంటే అంతకుముందు వేసవిలోనే దరఖాస్తు పెట్టాలి. మీ ఒడ్డు ఏ అటవీ రేంజ్ కిందికి వస్తుందో కింద రాయండి, మేం పెట్టిన లేఖ నమూనా పంపిస్తాను.