నొప్పి లేని దవడ సిస్ట్‌కి ఆపరేషన్ ఎందుకు? పన్ను కూడా తీసేయాలా?

మీ 12 ఏళ్ల పాపకి బయటికి రాని పై కోరపన్ను చుట్టూ సిస్ట్ ఉందన్నారు, నొప్పేమీ లేదన్నారు. నొప్పి లేకపోవడమే దీంతో చిక్కు.

తయారయ్యే పన్ను తల చుట్టూ పల్చటి సంచి ఉంటుంది. పన్ను ఎముకలోనే ఇరుక్కుపోతే, ఒక్కోసారి ఆ సంచికీ పన్నుకీ మధ్య నీరు చేరి ఉబ్బుతుంది. అదే డెంటిజెరస్ సిస్ట్. కింది జ్ఞానదంతాలకి ఎక్కువగా వస్తుంది. ముందుపళ్ల మధ్య దాక్కున్న అదనపు పన్నుకీ రావచ్చు. చడీచప్పుడు లేకుండా ఎముకను కరిగిస్తూ పక్కపళ్లను నెట్టేస్తుంది. అందుకే వదిలేయకూడదు.

జ్ఞానదంతమో అదనపు పన్నో అయితే సాధారణంగా సిస్ట్‌తో పాటే తీసేస్తారు. కోరపన్ను అలా కాదు, వీలైతే కాపాడుకోవాలి. సిస్ట్‌కి చిన్న కిటికీలా కోసి తెరిచి ఉంచితే లోపలి ఒత్తిడి తగ్గి, మెల్లగా ఎముక నిండుతుంది. పిల్లల్లో చాలాసార్లు పన్ను తనంతట తానే దిగుతుంది, లేదంటే క్లిప్పులు వేసి లాగుతారు. నెలలు పడుతుంది, ఆ రంధ్రాన్ని రోజూ శుభ్రంగా కడగాలి. అయినా సరే, ఈ దారి కుదురుతుందేమో సర్జన్‌ని తప్పకుండా అడగండి.

తీసిన ముక్కను బయాప్సీకి పంపించండి. అమీలోబ్లాస్టోమా అనే గడ్డ కూడా ఎక్స్‌రేలో ఇలాగే కనబడవచ్చు.