ఆర్డర్ స్క్రీన్ ముట్టుకుంటే కస్టమర్ స్క్రీన్ ఎందుకు పాడవుతోంది?
మీ డబ్ల్యూపీఎఫ్ (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్) యాప్‌లో ఆర్డర్ వ్యూమోడల్ (స్క్రీన్ వెనక డేటానీ పనినీ చూసే క్లాస్) లోపలే కస్టమర్ వ్యూమోడల్‌ని న్యూ చేసి, అంటే నేరుగా సృష్టించి, వాడుతున్నానన్నారు కదా, అసలు చిక్కంతా అక్కడే ఉంది: రెండూ ముడిపడిపోయాయి. ముందు ఉమ్మడి పనిని ఒక సర్వీస్‌లోకి తీసి, దానికి ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉంటాయో చెప్పే ఒప్పందం) రాసి, రెండు వ్యూమోడళ్లకీ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ద్వారా ఇవ్వండి; వీటిని తయారుచేసి అందించే కంటైనర్ ఏదైనా పర్లేదు. "ఆర్డర్ సేవ్ అయింది" లాంటి కబుర్లకి ప్రిజమ్ లైబ్రరీలోని ఈవెంట్ అగ్రిగేటర్ (కబుర్లు చేరవేసే మధ్యవర్తి) చాలు, అది డిఫాల్ట్‌గా వీక్ రిఫరెన్సే (ఆబ్జెక్ట్‌ని మెమరీలో ఆపి ఉంచని లింకు) పట్టుకుంటుంది కాబట్టి మూసేసిన స్క్రీన్ దానివల్ల మెమరీలో ఇరుక్కుపోదు. అలాగని ప్రతిదానికీ ఈవెంట్ పెట్టకండి బాబూ, ఎవరు ఎవరిని కదిలిస్తున్నారో వెతకలేక తల పట్టుకుంటారు; జవాబు కావాల్సిన చోట సర్వీస్ మెథడ్‌నే పిలవండి. చివరగా, విండో తెరవకుండా ఆర్డర్ వ్యూమోడల్‌కి యూనిట్ టెస్ట్ (ఆ ఒక్క క్లాస్‌నే విడిగా పరీక్షించే కోడ్) రాసి చూడండి, ఎక్కడ ఆగిపోతే అక్కడే ఇంకా ముడి మిగిలి ఉన్నట్టు.