గుడ్డ న్యాప్‌కిన్లు పొదుపా, దుబారానా?

ప్రశ్న: ఇంట్లో నలుగురం. రాత్రి భోజనానికి రోజూ తలా ఒక కాగితం న్యాప్‌కిన్ వాడతాం. అవి మానేసి గుడ్డవి కొందామనుకుంటున్నాను. నేను చూసిన కాటన్ న్యాప్‌కిన్ ఒక్కదాని ధరకి 60 కాగితంవి వస్తాయి. లినెన్‌ది దానికి మూడు రెట్లు. 24 లినెన్ న్యాప్‌కిన్ల సెట్ మీద తగ్గింపు ఉంది, వాయిదాల్లో కట్టొచ్చు కూడా. నేను పొదుపు అంటున్నాను, మావారు దుబారా అంటున్నారు. ఎవరి మాట సరైంది?

జవాబు: ఆ 24 సెట్ మాత్రం వద్దండీ. అది ముందే చెప్పేస్తే మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

నలుగురికి రోజుకి నాలుగు. రెండు రోజులకోసారి ఉతికినా, ఎనిమిది ఉతుకులోనో ఆరేసో ఉంటాయి, నాలుగు బల్ల మీద ఉంటాయి. అంటే 12 చాలు. మిగతా 12 అరలో కూర్చుంటాయి. తగ్గింపు ఎంతన్నది కాదు, వాడని సరుకు మీద ఎంత తగ్గించినా అది ఖర్చే. ఇక వాయిదాలంటారా, కాగితం ఖర్చు తగ్గించుకోవడానికి అప్పు చేయడం నాకైతే మింగుడుపడదు. ఒకేసారి కట్టలేకపోతే ఈ నెల నాలుగు, వచ్చే నెల నాలుగు కొనుక్కోండి. ఎప్పుడూ దొరికే సాదా రంగు ఎంచుకుంటే సరి, తర్వాత కొన్నవి ముందువాటితో కలిసిపోతాయి.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క చూద్దాం. రోజుకి నాలుగు చొప్పున ఏడాదికి 1,460 కాగితం న్యాప్‌కిన్లు. 12 కాటన్ న్యాప్‌కిన్ల ధర 720 కాగితం వాటితో సమానం. అంటే 180 రోజుల్లో పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. 12 లినెన్ అయితే 2,160తో సమానం, 540 రోజులు పడుతుంది. తగ్గింపు పక్కన పెడితే 24 లినెన్‌కి 1,080 రోజులు, దాదాపు మూడేళ్లు!

ఇందులో ఉతుకు ఖర్చు కలపలేదు. మీరెలాగూ ఉతికే బట్టల్లో నాలుగు న్యాప్‌కిన్లు దూర్చేస్తే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. వాటికోసమే విడిగా మెషీన్ తిప్పితేనో, బయట ఉతికిస్తేనో లెక్క మారిపోతుంది. ఒక్కో ఉతుకుకి కాగితం న్యాప్‌కిన్ ధరలో పావు వంతు పడుతుందనుకుందాం. అప్పుడు ప్రతి వాడకంలో మీకు మిగిలేది ముప్పావు వంతే. కాటన్ 240 రోజులకి, లినెన్ 720 రోజులకి గట్టెక్కుతాయి. ఆ 720 రోజుల్లో ఒక్కో లినెన్ న్యాప్‌కిన్ 240 సార్లు ఉతుకు చూస్తుంది. కాబట్టి అన్ని ఉతుకులూ తట్టుకుని ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే మీ అసలు ప్రశ్న. మీ లాభమంతా లాండ్రీ బుట్ట దగ్గరే తేలుతుంది.

ఉతుకులు తగ్గించే పాత ఉపాయం ఒకటుంది. న్యాప్‌కిన్ చుట్టూ తొడిగే రింగుని ఇప్పుడు అలంకారం అనుకుంటున్నాం గానీ, 19వ శతాబ్దపు యూరప్ ఇళ్లలో ఎవరి న్యాప్‌కిన్ ఎవరిదో తెలియడానికే అది వాడుకలో ఉండేది. ఒకే న్యాప్‌కిన్‌ని కొన్ని భోజనాలకి వాడి, తర్వాతే ఉతికేవారు. మీరూ అలా చేయొచ్చు. రింగే అక్కర్లేదు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారంతో మూలన చిన్న గుర్తు కుట్టుకున్నా చాలు.

ఇక ఏది కొనాలన్నది. పాలిస్టర్‌కి ముడతలు పడవు, రంగు పోదు, కానీ తడి పీల్చదు. మూతి తుడుచుకుంటే తడి పక్కకి జరుగుతుందంతే. పైగా నూనె మరకని పట్టుకుని వదలదు. పాలిస్టర్ కలిపిన కాటన్‌లోనూ పాలిస్టర్ వాటా పెరిగేకొద్దీ ఇదే తంతు. అవిసె నారతో నేసే లినెన్ బలమైన గుడ్డ, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కానీ ఇస్త్రీ చేయకపోతే నలిగే ఉంటుంది. ఆ నలుగుడు మీకు చూడ్డానికి పర్వాలేదా? అయితే లినెన్ గురించి ఆలోచించండి. ప్రతిసారీ ఇస్త్రీ పెట్టాల్సిందే అనుకుంటే ఆ కరెంటు, ఆ ఓపిక కూడా ధరలో కలపండి. రోజువారీ వాడకానికి నా ఓటు మాత్రం కాస్త మందంగా నేసిన నూటికి నూరు శాతం కాటన్‌కే.

కొలత 45 నుంచి 50 సెంటీమీటర్ల చదరం ఉండాలి. అంతకన్నా చిన్నది ఒళ్లో నిలవదు. మొదటి ఉతుకులో కాటన్, లినెన్ రెండూ కొంత ముడుచుకుంటాయి కాబట్టి కాస్త పెద్దదే మేలు. కొనేముందు ఒకదాన్ని విప్పి మూలలు కలిపి మడవండి. అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అది వంకరగా కోసిన గుడ్డ, ఉతికాక ఇంకా మెలి తిరుగుతుంది. అంచుని రెండు మడతలు వేసి కుట్టారో, మడవకుండా అంచు మీద దారం చుట్టే ఉత్త ఓవర్‌లాక్ కుట్టుతో సరిపెట్టారో తిరగేసి చూడండి. పోగులు ముందుగా ఊడేది అక్కడే. కొత్త గుడ్డ మీద గంజి లాంటి పూత ఉంటుంది కాబట్టి దుకాణంలో తాకి మెత్తదనం తేల్చలేరు. అందుకే ముందు ఒక్కటే కొనండి. మూడుసార్లు ఉతికి దాని మీద నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకితే మిగతా 11 కొనొచ్చు. చుక్క ముత్యంలా నిలబడితే మీ నష్టం ఒక్కదానితో పోయింది.

ఉతకడంలో డబ్బు పోగొట్టేవి కొన్ని అలవాట్లున్నాయి. ఫాబ్రిక్ సాఫ్టెనర్ పోగుల మీద పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఒక ఖర్చుతో ఇంకో నష్టం కొనుక్కోవడం అన్నమాట. క్లోరిన్ బ్లీచ్ మరకతో పాటు పోగునీ తినేస్తుంది, తెల్లవాటికి ఆక్సిజన్ బ్లీచ్ వేసి నానబెట్టడం నయం. గుడ్డు, పాల మరకలకి ముందు చల్లటి నీళ్లే. వేడి నీళ్లు పోస్తే ఆ మరక ఉడికి కూర్చుంటుంది. నూనె మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రాసి కాసేపు ఉంచి, ఆ తర్వాత ఉతకండి. ఏ మరకైనా పూర్తిగా పోయిందని చూసుకున్నాకే డ్రయ్యర్‌లో వేయడం, ఇస్త్రీ పెట్టడం. లినెన్‌ని కాస్త తేమగా ఉండగానే ఇస్త్రీ చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఆరినవాటిని దొంతరలో అడుగున పెట్టి పైనుంచి తీసుకుంటూ ఉండండి. లేదంటే పై నాలుగే అరిగిపోతాయి.

నా సంగతొకటి చెప్పాలి. ఒకప్పుడు నేనూ ఎనిమిది తెల్ల లినెన్ న్యాప్‌కిన్లు కొని, గంజి పెట్టి, చక్కగా ఇస్త్రీ చేసి, చుట్టాల కోసమని ప్లాస్టిక్ కవర్లో దాచాను. మూడేళ్లకి తీస్తే ప్రతి మడత వెంబడీ పసుపు గీత! రెండింటికైతే మూలల్లో సన్నటి చిల్లులు. పాత పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులకి గంజి అంటే ప్రాణమని అప్పుడు తెలిసొచ్చింది. ఒక్కసారీ వాడకుండానే రెండు పోయాయి. ఊరందరికీ పొదుపు చెప్పే మనిషిని కదా, ఇంట్లో చాలాకాలం ఆ మాటే వినిపించేది. దాచాల్సి వస్తే గంజి లేకుండా, పూర్తిగా ఆరాక, పాత కాటన్ గుడ్డలో చుట్టండి. మడతలు కూడా అప్పుడప్పుడూ మార్చాలి, ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే పోగు అక్కడే తెగుతుంది.

మీ ఇంటి తగాదా సంగతి: 24 లినెన్‌కి అయితే మీవారన్న మాటే రైటు. 12 కాటన్‌కి అయితే మీది. అవి కొన్న రోజునే ఇంట్లో మిగిలిన కాగితం ప్యాకెట్లు అందని పై అరలో పెట్టేయండి. బల్ల మీద కనబడుతున్నంతకాలం చెయ్యి వాటి మీదికే పోతుంది, అప్పుడు రెండు ఖర్చులూ మీ నెత్తినే పడతాయి.