స్పీడు 60 మీదే ఉంచు, అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో రెండు సంగతులు చెప్పింది. బీరువాలోంచి మీ నాన్న పెంటాక్స్ కెమెరా తీసి హైదరాబాద్ పట్టుకెళ్లావన్నది ఒకటి. వైశాఖంలో నీ స్నేహితురాలి పెళ్లికి దాంతోనే, రీలు వేసి ఫొటోలు తీస్తానని మాట ఇచ్చావన్నది రెండోది. మొదటిది విని నా కడుపు నిండింది. రెండోది విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి చెబితే "సరే పెదనాన్నా, సరే" అంటావు, సగం వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మడిచి కెమెరా సంచీలో పెట్టుకో.

నీ చేతిలో ఉన్నది కె1000. 1976లో మొదలుపెట్టి 1997 దాకా దాన్ని తయారుచేస్తూనే ఉన్నారు. అంత కాలం నడిచిందంటే దాని గట్టితనం అలాంటిది. మనది 1984లో కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా మేనబావ తెచ్చి ఇచ్చాడు. స్పీడు (షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో, 60 అంటే సెకనులో అరవయ్యో వంతు), అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నది), ఫోకస్ అన్నీ నువ్వే పెట్టాలి. సెల్ఫ్ టైమర్ కూడా లేదు. సెల్లు లేకపోయినా షట్టర్ పడుతుంది. అడుగున రూపాయి బిళ్లతో తిప్పే చిన్న మూత కింద ఎల్ఆర్44 సెల్లు ఒకటి వెయ్యాలి, అది వెలుతురు కొలిచే మీటర్ ముల్లు కదలడానికి మాత్రమే. ఆ మీటర్‌కు ఆఫ్ స్విచ్ లేదు. లెన్స్ మీద వెలుతురు పడినంతసేపూ సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి పని లేనప్పుడు లెన్స్‌కు మూత పెట్టు. మీటర్ పని చెయ్యకపోయినా కంగారు పడకు. 100 నంబరు ఫిల్మ్‌కు (ఆ నంబరు పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) మంచి ఎండలో స్పీడు 125, అపర్చర్ 16. 200 ఫిల్మ్ అయితే 250, 16. కొబ్బరితోట నీడలోకి రాగానే మూడు మెట్లు తెరిచి 5.6 పెట్టు. అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్మ్, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో ఫిల్మ్ మేం ఇలా లెక్క కట్టుకునే తీసేవాళ్లం. మన ఫొటో స్టూడియోలో మీటర్ ఉన్నా అది బీరువా దాటేది కాదు.

వెనక మూత తెరిస్తే అంచుల వెంట నల్లటి స్పాంజి కనిపిస్తుంది. ఇన్నేళ్లకు అది తారులా జిగురై ఉంటుంది. అక్కడి నుంచి వెలుతురు దూరితే ఫొటో మీద ఎర్రటి చారలు పడతాయి. పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌తో మెల్లగా తీసేసి, కొత్త స్పాంజి అంటించు. లేదా రిపేరు తెలిసినవాళ్లకు ఇవ్వు. లోపలి అద్దాన్ని, దాని వెనక గుడ్డ తెరను మాత్రం వేలితో ముట్టుకోకు. నోటితో ఊదకు కూడా.

లెన్స్‌ను టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూడు. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు. మన గోదావరి తేమకు ఎన్ని మంచి లెన్సులు పాడైపోయాయో నేను కళ్లారా చూశాను. చాలామంది కెమెరాను దానితో వచ్చిన తోలు కేసులో పెట్టి, అదే భద్రం అనుకుంటారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి అందులో పెట్టు. హైదరాబాద్ పొడి ఊరే కానీ, నువ్వు వచ్చేది కోనసీమకు.

రీలు ఎక్కించడం నీకు వచ్చే ఉంటుంది. ఒక్కటి చూసుకో. మూత వేశాక రీవైండ్ పిడిని మెల్లగా తిప్పి వదులు లేకుండా చెయ్యి. ఆ తర్వాత లివర్ లాగినప్పుడల్లా ఆ పిడి వెనక్కి తిరగాలి. తిరగలేదంటే లోపల ఫిల్మ్ నడవడం లేదు. ఫిల్మ్ నడవకపోయినా అంకె మాత్రం పెరుగుతూనే ఉంటుంది, దాన్ని నమ్మకు. రీలు అయిపోయాక అడుగునున్న బటన్ నొక్కి, మొత్తం చుట్టేదాకా మూత తెరవకు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నను అడిగే రాస్తున్నాను. "నేను చెప్పలేను అన్నయ్యా, నువ్వు రాయి" అన్నాడు.

1986లో మంచి ముహూర్తాల రోజుల్లో మన స్టూడియోకు ఒకే రాత్రి రెండు పెళ్లిళ్లు పడ్డాయి. ఒకటి నేను తీసుకున్నాను. అమలాపురం అవతల ఒక ఊళ్లో జరిగేది మీ నాన్నకు అప్పగించాను. ఒక్కడే వెళ్లి పెళ్లి తియ్యడం వాడికి అదే మొదలు. ఈ కెమెరానే భుజాన వేసుకున్నాడు. అప్పటికే నాకంటే బాగా తీసేవాడు. ముసలివాళ్ల ముఖాలు వాడు తీసినట్టు నేను ఇప్పటికీ తియ్యలేను.

సాయంత్రం కాలువ గట్టు మీద ఎదురుకోలు. వెలుతురు బాగుంది. స్పీడు 125 పెట్టి తీశాడు. అవన్నీ చక్కగా వచ్చాయి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. పందిట్లోకి వచ్చి ఫ్లాష్ తగిలించాడు, దూరం చూసుకుని అపర్చర్ సరిచేశాడు. స్పీడు మాత్రం 125 మీదే ఉండిపోయింది.

ఇక్కడ నువ్వు అర్థం చేసుకోవలసింది ఒకటుంది. ఈ కెమెరాలో ఫిల్మ్ ముందు రెండు గుడ్డ తెరలు ఉంటాయి. నొక్కగానే మొదటి తెర పక్కకు జరిగి ఫిల్మ్‌ను తెరుస్తుంది, రెండోది దాని వెనకే వచ్చి మూస్తుంది. 60 మీదగానీ అంతకంటే నెమ్మదిగాగానీ ఉంటే, మొదటి తెర పూర్తిగా పక్కకు పోయి, రెండోది ఇంకా బయలుదేరని క్షణం ఒకటి ఉంటుంది. ఫ్లాష్ ఆ క్షణంలోనే మెరుస్తుంది. 125 పెడితే ఆ క్షణమే ఉండదు. మొదటి తెర ఆ చివరకు చేరేసరికి రెండోది ఫిల్మ్‌ను కొంతమేర కప్పేసి ఉంటుంది. కప్పిన చోట ఫ్లాష్ వెలుగు పడదు.

కెమెరా ఆ మాట నీకు చెప్పదు. షట్టర్ చప్పుడు మామూలుగానే వస్తుంది, ఫ్లాష్ మెరుస్తుంది, మళ్లీ ఛార్జ్ అయి దాని ఎర్రలైటు వెలుగుతుంది. ఫైండర్‌లో దృశ్యమంతా కనిపిస్తూనే ఉంటుంది. నొక్కిన క్షణంలో అద్దం పైకి లేస్తుంది కాబట్టి ఫిల్మ్ చూసింది నువ్వు చూడవు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అన్నీ తీసి పొద్దున్న బస్సు దిగిన మీ నాన్న ముఖం నాకు గుర్తుంది. అలసట లేదు. తలంబ్రాలు గాల్లో ఉండగానే పట్టానన్నాడు.

కలర్ రీళ్లు బయటి ల్యాబుకు పంపి కడిగించే రోజులవి. నెగటివ్‌లు వచ్చాక కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఎదురుకోలు ముక్కలు బాగున్నాయి. పందిరి మొదలైన చోటి నుంచి ప్రతి ఫ్రేములో ఒక పక్కంతా ఖాళీ, వెలుగు పడని ఫిల్మ్‌కుండే ఉత్త నారింజ రంగు. మీ నాన్న మొదట ల్యాబువాళ్లు పాడుచేశారన్నాడు. నేను కెమెరా తీసి చూపించాను. డయల్ ఇంకా 125 మీదే ఉంది. వాడు దాన్ని అలాగే చాలాసేపు చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

పెళ్లిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు కదా. మీ నాన్న మొదటి నుంచి చివరిదాకా ఒకే చోట నిలబడి తీశాడు. అందుకని ప్రతి ఫొటోలోనూ పెళ్లికూతురు ఉంది, పెళ్లికొడుకు ఉండవలసిన చోట చీకటి ఉంది. నిలువుగా పట్టి తీసినవాటిలో పీటలు, పాదాలు వచ్చాయి, ముఖాలు రాలేదు. అటువంటి ఫొటోలు పెళ్లివారి చేతుల్లో పెట్టడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

ఇద్దరం వెళ్లాం. మీ నాన్నే చెబుతానన్నాడు, వాడే చెప్పాడు. పెళ్లికొడుకు తల్లి ఫొటో చూసి నోరు నొక్కుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ ఏడుపు బయటకు వినిపిస్తూనే ఉంది. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశాం. మళ్లీ బట్టలు కట్టించి స్టూడియోలో తీద్దామని ఎవరో అంటే, తాళి రెండుసార్లు కడతారా అని పెద్దలు కోప్పడ్డారు. వాళ్లది న్యాయమే. మేం వచ్చేస్తుంటే పెళ్లికూతురి తండ్రి వీధి చివరిదాకా వచ్చి, ఆ సగం ఫొటోలు తనకు ఇమ్మన్నాడు. "మా అమ్మాయి ఉంది కదయ్యా" అన్నాడు. వెలుగు పడిన భాగం వరకు నిలువుగా ప్రింట్లు వేయించి ఇచ్చాం. అమ్మాయి ఒక్కతే, తల మీద జీలకర్ర బెల్లంతో.

ఆ తర్వాత మీ నాన్న ఏ పెళ్లికీ కెమెరా పట్టుకోలేదు. బి.ఇడి. చేసి టీచరయ్యాడు. వాడు ఎందుకు మానేశాడని నువ్వు చిన్నప్పుడు నన్ను అడిగేదానివి, నేను ఏదో చెప్పి తప్పించేవాణ్ణి. ఇదీ కారణం. ఎంతమంది అడిగినా కెమెరా మాత్రం అమ్మలేదు. ఎప్పుడైనా మీ ఇంటికి వస్తే, అందరూ పడుకున్నాక దాన్ని తీసి, రీలు లేకుండానే ఒక్కో స్పీడు మార్చి నొక్కుకుంటూ కూర్చోవడం చూశాను. వాడకుండా పడేసిన కెమెరాల్లో నూనె గడ్డకట్టి నెమ్మది స్పీడులు చచ్చిపోతాయి. నీకు దొరికినది ఇవాళ్టికీ సెకను స్పీడులో సరిగ్గా పడుతోందంటే, మీ నాన్న వేళ్లే దాన్ని బతికించాయి.

కాబట్టి నేను చెప్పేది తు.చ. తప్పకుండా చెయ్యి. పందిట్లో అడుగు పెట్టేముందు స్పీడు 60 మీద పెట్టి, డయల్ మీద టేపు ముక్క అంటించు. తెల్లారేదాకా ఆ టేపు తియ్యకు. ఇంట్లో ముందే ఒకసారి పరీక్ష చేసి చూడు: రీలు లేకుండా వెనక మూత తెరిచి, అపర్చర్ 2 దగ్గర పెట్టి, ఫ్లాష్ తగిలించి తెల్ల గోడ వైపు కొట్టు. వెనక నుంచి చూస్తూ ఉండు. 60 దగ్గర తెల్లటి దీర్ఘచతురస్రం మొత్తం కనిపిస్తుంది. 125 పెట్టి కొడితే ఎంత మాయమవుతుందో నీ కళ్లతోనే చూస్తావు. నేను ఇంత రాసినదానికంటే అదే బాగా గుర్తుంటుంది.

ఫ్లాష్ వాడేటప్పుడు మీటర్ ముల్లును పట్టించుకోకు. ఫ్లాష్ గైడ్ నంబరును, అంటే దాని బలం చెప్పే అంకెను, దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది. నా దగ్గరున్న ఫ్లాష్ నంబరు 100 ఫిల్మ్‌కు, దూరం మీటర్లలో లెక్కిస్తే, 28. ఐదు మీటర్ల దూరంలో 5.6 పెట్టాలి. 400 ఫిల్మ్ వేస్తే నంబరు రెట్టింపు, అదే దూరానికి 11. ఈ పాత ఫ్లాష్‌ను ఎవరి డిజిటల్ కెమెరా మీదా పెట్టనివ్వకు, దీని వోల్టేజీకి అవి పాడైపోవచ్చు. ముహూర్తానికి పావుగంట ముందు రీలులో ఎన్ని మిగిలినా సరే, చుట్టేసి కొత్తది వెయ్యి. గట్టిమేళం మొదలయ్యాక రీలు మార్చే టైము ఎవరూ ఇవ్వరు.

హోమగుండం దగ్గర వంగి తీసేటప్పుడు చున్నీ వేసుకోకు. వేసుకోక తప్పకపోతే వెనక్కి తీసి నడుముకు ముడి వేసుకో. కన్ను కెమెరాకు ఆనించి ఉంటే పక్కన మంట ఉందన్న సంగతి ఎవరికీ తెలియదు, ఇది చాదస్తం అనుకోకు. వెనక్కి అడుగు వెయ్యాలనిపిస్తే ముందు కన్ను తియ్యి, తిరిగి చూడు, అప్పుడు వెయ్యి. ఆ ఊళ్లలో పందిరి వెనకే కాలువో చెరువో ఉంటుంది. నీకు ఈత రాదు. నేర్పించమని మీ నాన్నకు ఎన్నిసార్లు చెప్పానో. లెన్స్‌లోంచి సూర్యుణ్ణి సూటిగా చూడకు, కన్ను పోతుంది.

ఇంకొకటి. దీనికి నీ మనసు కష్టపడుతుందని తెలిసే రాస్తున్నాను. ముహూర్తం నువ్వొక్కదానివే తియ్యడానికి వీల్లేదు. డిజిటల్ తీసే మనిషి ఇంకొకరు ఉండాలని పెళ్లివారికి ఇవాళే చెప్పు. నీ పనితనం మీద నమ్మకం లేక కాదమ్మా. నువ్వు పోయినేడు పంపిన మీ బామ్మ ఫొటో చూసినప్పుడు, మీ నాన్న చెయ్యి మళ్లీ కనిపించిందని మీ పెద్దమ్మతో అన్నాను. ఆ చెయ్యి ఒకసారి ఆగిపోయింది. రెండోసారి ఆగిపోవడం నేను చూడలేను.

పెళ్లికి ముందు కనీసం రెండు రీళ్లు తీసి కడిగించు. ఏ ఫొటోకు ఏ స్పీడు, ఏ అపర్చర్ అన్నది చిన్న పుస్తకంలో రాసుకో. నాకు స్కాన్లు వద్దు, నెగటివ్‌లే కావాలి. ఆదివారం రాజమండ్రి రా, ఫ్లాష్ ఇస్తాను. పెన్సిల్ సెల్లులు కొని ఉంచాను. చాలాకాలం వాడలేదు కనక రోజూ ఛార్జ్ చేసి కొడుతున్నాను, మెరుస్తోంది. మీ నాన్న కూడా వస్తానన్నాడు. టేపు ఎక్కడ అంటించాలో తనే చూపిస్తాడట. 200 రీళ్లు కొన్నావా, 400 కొన్నావా రాత్రికి ఫోన్ చేసి చెప్పు. దూరాలకు సరిపడా అపర్చర్లు రాసి, ఫ్లాష్ వెనక అంటించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న