‘డౌన్‌స్ట్రీమ్’ అంటే కిందికి అనా, దక్షిణానికి అనా?

రెండూ కాదు. నీళ్లు పారే వైపుకి అని. మనకి చక్కటి మాట ఉండనే ఉంది: దిగువకి. మూసీనే చూడండి. గండిపేట వైపు నుంచి వచ్చి పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ దాటి నాగోలు వైపు పోతుంది. అంటే నగరంలో మూసీకి దిగువ తూర్పు వైపు. మ్యాపులో కిందికి చూస్తే పొరపాటే. ‘నాగోల్ ఈజ్ డౌన్‌స్ట్రీమ్ ఆఫ్ చాదర్‌ఘాట్’ అనాలి. ఆఫ్ బదులు ‘ఫ్రమ్’ కూడా సరే. ‘గో డౌన్‌స్ట్రీమ్’ అన్నప్పుడు మాత్రం మధ్యలో ‘టు’ పెట్టకండి, చాలామంది పెడతారు.

ఏటికి ఎదురీదితే అది అప్‌స్ట్రీమ్. ఆఫీసులో ‘డౌన్‌స్ట్రీమ్ టీమ్’ అంటే మన పని పూర్తయ్యాక అందుకునేవాళ్లు. మనం ఆలస్యం చేస్తే టెన్షన్ వాళ్లకే!