దిద్దేవాళ్ళుంటేనే డబ్బు కట్టండి

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ సపోర్ట్ జాబ్ చేస్తున్నాను, వారం వారం షిఫ్టు మారిపోతుంది. డేటా వైపు వెళ్ళాలని ఉంది. ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్ళు రోజూ ఫోన్ చేసి ప్లేస్‌మెంట్ గ్యారంటీ, నో కాస్ట్ ఈఎంఐ, ఈరోజే చేరితే డిస్కౌంట్ అంటున్నారు. రూమ్మేటేమో ఆన్‌లైన్ చదువులు మనకి అచ్చిరావు, శని ఆదివారాలు కోచింగ్ సెంటర్‌కి పో అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ ఫోన్ల సంగతి. ఈరోజే చేరాలన్నారంటే ఈరోజు మాత్రం చేరొద్దు. నో కాస్ట్ ఈఎంఐ అంటే చాలాచోట్ల ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే లోనే, డబ్బు ముందే కోర్సు వాళ్ళకి వెళ్ళిపోతుంది, మీరు రెండో నెలలో క్లాసులు మానేసినా కంతులు మీ ఖాతాలోంచి పోతూనే ఉంటాయి, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఒకవేళ ఇప్పటికే ఓకే కొట్టేసి ఉంటే లోను పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే వ్యవధి, ఎన్ని రోజులో వెంటనే చూడండి. డిజిటల్ లోన్లకి అది ఉండాలని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది, ఆ లోపల అసలూ, అన్ని రోజుల వడ్డీ కట్టేసి బయటపడొచ్చు. చెప్పిందొకటి, చేసిందొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇక చదువు. షిఫ్టులు మారే మనిషికి ఆన్‌లైనే దారి. శనివారం పొద్దున బ్యాచ్‌లో చేరతారు, మూడో వారం నైట్ షిఫ్టు పడుతుంది, అక్కడితో సరి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ గురించి మారతహళ్ళి వాళ్ళకి నేను చెప్పేదేముంది! ఆన్‌లైన్‌లో అర్థం కాని ముక్కని పదిసార్లు వెనక్కి తిప్పి వినొచ్చు, ఏమనుకుంటారో అన్న మొహమాటం ఉండదు.

కానీ రూమ్మేట్ మాటలోనూ నిజం లేకపోలేదు. డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్, అందులో రెండు టేబుళ్ళని కలిపే జాయిన్ల పాఠం తీసుకోండి. వీడియోలో మాస్టారు టైప్ చేస్తుంటే అంతా మనకి తెలిసినట్టే ఉంటుంది. వీడియో ఆపేసి సొంతంగా రెండు టేబుళ్ళు కలిపి చూడండి, 100 వరుసలు రావాల్సిన చోట 140 వస్తాయి. ఎర్రర్ కూడా చూపించదు, అదీ అసలు చిక్కు. కలిపిన కాలమ్‌లో కొన్ని నంబర్లు రెండేసి సార్లు ఉన్నాయని పక్కన కూర్చున్నవాడైతే ఒక్క చూపులో చెప్పేస్తాడు, ఒంటరిగా ఉన్నవాడికి రాత్రంతా దానికే పోతుంది, చాలామంది కోర్సు వదిలేసేది సరిగ్గా ఇలాంటి రాత్రే.

అందుకే వీడియోల కోసం వేలకి వేలు పోయడం నాకు నచ్చదు, అవి ఊరికే దొరుకుతున్నాయి. ఐఐటీలూ, మన ఊళ్ళోని ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌నే చూడండి. పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. 12 వారాల కోర్సులో వారం వారం అసైన్‌మెంటు, దానికో గడువు, బాగా చేసిన 8 లెక్కలోకి తీసుకుని 25 మార్కులు, మిగతా 75 సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ గడువే మనల్ని లేపి కూర్చోబెడుతుంది. ఏకంగా డిగ్రీయే కావాలంటే ఐఐటీ మద్రాస్ 2020లో పెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు ఉంది, జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష పాసైతే చాలు. తేలికనుకుని మాత్రం చేరకండి. అన్నట్టు, ఏదో యూనివర్సిటీ పేరు చెప్పి డిగ్రీ మేమిప్పిస్తాం అనే యాప్‌లతో జాగ్రత్త, అలాంటి ఫ్రాంచైజీ ఒప్పందాలు కుదరవని యూజీసీ 2022 జనవరిలోనే హెచ్చరించింది.

డబ్బు కట్టే కోర్సే కావాలనుకుంటే ఆ ఫోన్ చేసేవాళ్ళని ఒకటే అడగండి: మీ దగ్గర దిద్దిన అసైన్‌మెంట్ ఒకటి చూపించండి అని. ఒక మనిషి చదివి, ఈ లైను ఎందుకిలా రాశావని అడిగిన గుర్తు అందులో ఉందా, లేక ఊరికే ‘గుడ్ జాబ్’ అని పడేశారా? రెండోదైతే దండం పెట్టి ఫోన్ పెట్టేయండి. ఎక్కడ చేరినా మీ పీజీలోనే అదే నేర్చుకుంటున్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకోండి. మారతహళ్ళి పీజీలో అలాంటివాడు దొరక్కపోతే ఇంకెక్కడా దొరకడు.

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. స్కూల్లో కన్నడ, హిందీ నేర్పుతారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆన్‌లైన్ క్లాసులో చేర్చమంటారా?

— వైట్‌ఫీల్డ్ నుంచి ఒక తల్లి

జవాబు: చేర్చండమ్మా. కన్నడ చదువుతోంది కాబట్టి సగం పని అయిపోయినట్టే, రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. గ, న, ర, ల చూడగానే గుర్తుపడుతుంది, క, త దగ్గర కాస్త తడబడుతుంది. ఈ సంగతి టీచర్‌కి ముందే చెప్పండి, లేకపోతే అ ఆల నుంచి మొదలుపెట్టి పిల్లకి విసుగు పుట్టిస్తారు. చదవడం వరకు ఆన్‌లైన్ భేష్. రాయించడం దగ్గరే ఇబ్బంది, కెమెరా పిల్ల మొహం మీద ఉంటుంది కాబట్టి అక్షరం కింది నుంచి పైకి ఎదురు తిప్పి రాసినా టీచర్‌కి తెలియదు, రాశాక పైకెత్తి చూపిస్తే బాగానే ఉంటుంది. ఫోన్‌ని పుస్తకాల దొంతికి ఆనించి చేయి కనిపించేలా పెట్టండి, క్లాసు అరగంట దాటనివ్వకండి.