తొలి డ్రిల్లింగ్‌కు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి సుజాతకు,

మామయ్య ఆశీస్సులు. జొన్నగిరి పరిసరాల్లో కొత్తగా బయటపడిన బంగారు ఖనిజం మీద డ్రిల్లింగ్ జరిపించే బాధ్యత నీకు అప్పగించారని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. కోలార్ గనుల్లో జీవితమంతా గడిపిన మీ తాతయ్యకు ఈ కబురు చెప్పగలిగితే ఆయన మొదట అనే మాట ఏమిటో నాకు తెలుసు. దుమ్ము జాగ్రత్త అని అనేవారు. అందుకే ఆ సంగతితోనే మొదలుపెడుతున్నాను.

మా నాన్నగారు ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశారు. అది 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని. లోపల రాతి మీద ఒత్తిడి పెరిగి బండలు ఒక్కసారిగా పేలి విరుచుకుపడే ప్రమాదం అక్కడ ఎప్పుడూ ఉండేది కనుక, ఆయన షిఫ్టు నుంచి తిరిగి వచ్చేదాకా మా అమ్మ గడప దగ్గరే కూర్చునేది. ఆయనకు బండలతో ఏ కీడూ జరగలేదు. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చింది, దానికి నయం లేదు. నీ పని నేల పైనే కావచ్చు, కానీ కోర్‌ను, అంటే డ్రిల్లింగ్‌లో పైకి వచ్చే కడ్డీలాంటి రాతిని, రంపంతో నిలువునా కోసేటప్పుడు లేచేది అదే దుమ్ము. నీళ్లు ధారగా పడుతుంటేనే కోయించు. ఒక్క పూట నీళ్ల ట్యాంకర్ రాకపోతే ఆ పూట కోత ఆపించు, పొడిగా మాత్రం కోయనివ్వకు. నువ్వొక్కతివే మాస్కు పెట్టుకుంటే సరిపోదు. షెడ్డులో పనికి కుదిరిన ఊరి కుర్రాళ్లు ముఖానికి తువ్వాలు చుట్టుకుని సరిపెట్టుకుంటారు, అందుకు నువ్వు ఒప్పుకోకూడదు. ఈ విషయంలో నీకు పేచీకోరు అన్న పేరు వచ్చినా నాకు సంతోషమే.

అనుమతులు, భూమి పత్రాలు, రైతులతో ఒప్పందాలు చేతిలో లేకుండా రిగ్‌ను, అంటే డ్రిల్లింగ్ యంత్రాన్ని, పొలంలోకి దించకు. ఖనిజాన్వేషణలో జి4 అనే తొలి దశ నుంచి జి1 అనే చివరి దశ దాకా ఏ దశలో ఎంత పని జరగాలో నిబంధనల్లో ఉంది, నాకంటే నీకే బాగా తెలుసు. పాములు తిరిగే చోటు కనుక బూట్లు లేకుండా తిరగకు.

ఆ ప్రాంతంలో పూర్వులు తవ్విన గుంటలు చాలా ఉన్నాయి. దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉండటం వల్ల, ఆయన కాలపు సువర్ణగిరి ఈ జొన్నగిరేనని చెప్పే చరిత్రకారులు ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, పాత తవ్వకాలు నీకు దారి చూపిస్తాయి, ఎందుకంటే పూర్వులు మెరుగైన రాయి ఎక్కడ దొరికితే అక్కడే తవ్వారు, తోడలేనంతగా నీళ్లు ఊరిన లోతున ఆగిపోయారు. అయితే ఆ గుంటల నోళ్లను ముళ్ల పొదలు కప్పేసి ఉంటాయి. ఒంటరిగా, సాయంత్రం వేళ ట్రావర్స్‌కు, అంటే రాళ్లు పరిశీలిస్తూ నడవడానికి, వెళ్లవద్దు. డ్రిల్లింగ్ జరుగుతుండగా రాడ్లు ఒక్కసారిగా కిందికి జారి, రంధ్రంలోకి పంపితే పైకి తిరిగి రావలసిన నీళ్లు మాయమైతే అది పాత తవ్వకపు బోలు కావచ్చు. దాన్ని బోలుగానే లాగ్‌లో, అంటే రంధ్రం వివరాల పుస్తకంలో, రాయి. దానికి పైన, కింద వచ్చిన రాతిలో తేలిన బంగారం పాళ్లను ఆ ఖాళీకి కూడా వేస్తే, ఎప్పుడో ఎవరో తీసుకుపోయిన బంగారాన్ని నువ్వు మళ్లీ లెక్కలో చూపించినట్టవుతుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో కర్ణాటకలోని ఒక క్యాంపులో జరిగిన పొరపాటు అది. అక్కడి పెద్ద జియాలజిస్టు అనుభవజ్ఞుడు, మంచి మనిషి. పడమరకు దిగే గుట్ట వాలు మీద ఒక పలుగురాయి సిర, అంటే రాతి మధ్య పలకలా భూమిలోకి దిగే పొర, పైకి కనిపించింది. అది భూమిలోకి ఏ దిక్కుకు వాలి దిగుతోందో ఆయన కొలిస్తే తూర్పుకు అని వచ్చింది. దాంతో రిగ్‌ను సిరకు తూర్పున సుమారు 30 మీటర్ల దూరంలో నిలిపి, 60 డిగ్రీల వాలుతో పడమర దిక్కుకు రంధ్రం మొదలుపెట్టించారు. లెక్క ప్రకారం సుమారు 40 మీటర్ల దగ్గర సిర తగలాలి, తగలలేదు. లోపల సిర ఇంకా నిటారుగా ఉండి ఉంటుందని సర్దిచెప్పుకుని రంధ్రాన్ని కొనసాగించారు. 160 మీటర్లు దాటాక సల్ఫైడు, అంటే బంగారంతో కలిసి ఉండే గంధకపు ఖనిజం, నిండిన పలుగురాయి మొదలై, ఏకంగా 18 మీటర్ల పొడవున వచ్చింది. క్యాంపులో మిఠాయిలు పంచారు. అదే రోజు ప్రధాన కార్యాలయానికి కబురు వెళ్లింది, అక్కడి నుంచి అభినందనలూ వచ్చాయి.

ఆ సంబరంలో ఒక్క మనిషి మాత్రం మాట్లాడాడు. రిగ్ మీద పనిచేసే ముసలి డ్రిల్లర్ అతను, పెద్దగా చదువుకున్నవాడు కాదు. "సార్, పొరలు కోర్‌కు అడ్డంగా రావడం లేదు, పొడుగునా పోతున్నాయి" అన్నాడు. నిజానికి వాళ్లు అనుకున్నట్టు సిర తూర్పుకు వాలి ఉంటే, రాతి పొరల గీతలు కోర్ అక్షాన్ని సుమారు 50 డిగ్రీల కోణంలో కోయాలి. పెట్టెల్లో ఉన్న కోర్‌లో అవి 10 డిగ్రీలకు మించి లేవు. లాగ్ పుస్తకంలో ఆ కోణం రాయడానికి ఒక గడి ఉంది, ఆ రంధ్రం పొడవునా అది ఖాళీగా ఉంది. డ్రిల్లర్ మాటకు ఎవరూ బదులివ్వలేదు. అదే దిక్కున, అదే వాలుతో మరి కొన్ని రంధ్రాలు వేశారు, అన్నింట్లోనూ పొడవాటి ఖనిజమే వచ్చింది, ప్రతి రంధ్రంతోనూ నమ్మకం గట్టిపడింది.

సీజను చివర్లో ఎవరో పట్టుబట్టి పడమటి వైపు నుంచి ఒక రంధ్రం వేయిస్తే, 4 మీటర్ల ఖనిజం మాత్రమే తగిలింది. ఆ తరువాత పాత లాగ్‌లు అన్నీ తిరగేసి కారణం తేల్చే పనిని నాకు అప్పగించారు, అందుకే ఈ అంకెలు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. సిర నిజానికి 70 డిగ్రీల వాలుతో పడమరకే దిగుతోంది. గుట్ట వాలు మీద పైనున్న కొద్ది మీటర్ల రాయి తన బరువుకు తానే కిందికి, అంటే పడమరకు ఒరిగిపోవడంతో, నేల మీద నుంచి చూసేవారికి వాలు తూర్పుకు ఉన్నట్టు కనిపించింది. రంధ్రం సిరను అడ్డంగా కోయకుండా దాని వెంటే దిగింది. 10 డిగ్రీల కోణంలో దొరికిన 18 మీటర్లకు అసలు మందం 3 మీటర్లు మాత్రమే. కబురు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ ఏటి డబ్బు అయిపోయింది, ఆ పెద్దాయన బదిలీ మీద వెళ్లిపోయారు, క్యాంపు మూతపడింది. మూడు మీటర్ల సిర కూడా చిన్నదేమీ కాదమ్మా. మొదటే మూడు మీటర్లని చెప్పి ఉంటే దాన్ని ఓపికగా వెతికేవారు. పద్దెనిమిదని చెప్పినందువల్ల, మూడు దొరికినప్పుడు అందరికీ అది మోసంలా కనిపించింది.

కనుక పైకి తేలిన ఒక్క రాతిని నమ్మి రిగ్ నిలపకు. అడ్డంగా కందకాలు తవ్వించి, గట్టి రాయి తగిలిన చోట వాలును మళ్లీ కొలిచి చూడు. తొలి రంధ్రం పూర్తయ్యాక రెండోది ఎదురు దిక్కు నుంచి వేయించడానికి అనుమతి అడుగు. డబ్బు దండగ అని ఎవరైనా అంటే, ఈ కథ చెప్పు. రంధ్రం లోతుకు వెళ్లేకొద్దీ వంకర తిరుగుతుంది కనుక దాని దిక్కును, వాలును కొలిచే సర్వే చేయించడం మరచిపోకు. సిర అనుకున్న చోట తగలకపోతే రిగ్‌ను ఆపి ఆలోచించు. ముఖ్యంగా డ్రిల్లర్ల పక్కన కూర్చుని టీ తాగు, వాళ్ల మాట విను. బిట్ కింద రాయి మారిన సంగతి నీకంటే ముందు వాళ్ల చేతులకు తెలుస్తుంది.

నమూనాల సంగతి కూడా చెప్పాలి. కోర్ పెట్టెల దగ్గరికి వెళ్లేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసి పెట్టు. అమ్మమ్మ ఇచ్చిన ఉంగరమైనా సరే. ఇది చాదస్తం కాదని లెక్క కట్టి చూపిస్తాను. ల్యాబ్‌లో కరిగించి చూసేది సాధారణంగా 30 గ్రాముల పొడిని. అందులో 0.2 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక్క బంగారు రేణువు పడితే చాలు, టన్నుకు 2.7 గ్రాములని ఫలితం వస్తుంది. అది పడకపోతే అదే రాయి వట్టిదని వస్తుంది. కంటికి కనిపించే బంగారం ఉన్న చోట ఒక్క పరీక్షను నమ్మకుండా, పొడిని జల్లెడ పట్టి పైన నిలిచిన ముతకను మొత్తంగా పరీక్షించే పద్ధతిని అడుగు. బంగారం ఎక్కువున్న నమూనా తరువాత, పొడి చేసే మరలో వట్టి పలుగురాయి వేసి శుభ్రం చేయమని చెప్పు. బంగారం లేదని తెలిసిన రాయి, ఎంత ఉందో తెలిసిన ప్రామాణిక పొడి, అదే రాతి నుంచి తీసిన జంట నమూనా, ఈ మూడూ ప్రతి బ్యాచ్‌లో ల్యాబ్‌కు తెలియకుండా కలిసి వెళ్లాలి. డ్రిల్లింగ్‌లో పోయిన కోర్‌ను పోయినట్టే లాగ్‌లో రాయి. నలగకుండా మిగిలిన తెల్లని ముక్కలను మాత్రమే ఏరి పంపితే అంకె అందంగా వస్తుంది గానీ, నలిగి కొట్టుకుపోయిన రాయి సంగతి తెలియకుండా పోతుంది.

కోసిన కోర్‌లో ల్యాబ్‌కు ఒక సగమే వెళ్లాలి, రెండో సగం పెట్టెలోనే ఉండాలి, పెట్టెలకు తాళం ఉండాలి, తాళంచెవి నీ దగ్గర ఉండాలి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ కంపెనీ కోర్‌ను సగం దాచకుండా మొత్తం పొడి చేసి పంపింది కనుకనే, ఆ పొడిలో బయటి బంగారం కలుపుతున్నారన్న సంగతి అన్నాళ్లు పైకి రాలేదు. 1997లో మరో కంపెనీ వచ్చి అవే రంధ్రాల పక్కన మళ్లీ డ్రిల్ చేశాక, అక్కడ చెప్పుకోదగ్గ బంగారమే లేదని తేలింది. నీ క్యాంపులో అలాంటివాళ్లు ఉన్నారని నా భావం కాదు. నీతో పనిచేసే నిజాయితీపరుల మీద రేపు ఎవరూ అనుమానపడకుండా కాపాడేది కూడా పెట్టెలో మిగిలిన ఆ సగం కోర్ ముక్కే.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జిల్లాలు దాటి జనం వస్తారు. నేలలో నిధి ఉందన్న మాట అక్కడ క్షణంలో ఊళ్లు తిరుగుతుంది. నీ నోటి నుంచి అంకె ఒక్కటీ రానివ్వకు, రైతులకు ఆశలు కల్పించకు. పని ముగిసిన ప్రతి రంధ్రాన్నీ సిమెంటుతో మూసి, రిగ్ పక్కన నీళ్లకు తవ్విన గుంతలను పూడ్పించాకే అక్కడి నుంచి కదులు. పూడ్చేదాకా చుట్టూ కంచె ఉండాలి, అక్కడ మేకల వెంట పిల్లలు తిరుగుతుంటారు.

ఎండకు కోర్ షెడ్డు పెనంలా కాలుతుంది, మజ్జిగ తాగుతూ ఉండు. మీ అమ్మకు రాత్రిళ్లు ఫోన్ చెయ్యి, ఆమె భయం పైకి చెప్పే రకం కాదు. ఫలితాలు ఎంత వచ్చాయని నేను అడగను, అవి మీ కంపెనీ రహస్యాలు. తొలి రంధ్రం లాగ్‌లో కోణాల గడి మొత్తం నిండిందని మాత్రం ఒక్క మాట నాకు చెప్పు.

ప్రేమతో,
మీ పెద్ద మామయ్య